ఇంటర్ తర్వాత ఏ చదువు, ఏ ఊరు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన దగ్గర నుంచి ఈ శీర్షికకు అందే ఉత్తరాల్లో చాలా వరకు "ఏ దేశం మంచిది?" అనో, "ఏ కాలేజీ మంచిది?" అనో మొదలవుతాయి. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన నాకు ఆ ప్రశ్న కంటే ముందు అడగవలసింది మరొకటి ఉందనిపిస్తుంది. చదువు పూర్తయిన రోజున పిల్లల చేతికి వచ్చే పట్టాతో ఎక్కడ, ఏ పని చేసుకునే హక్కు వస్తుంది, అనుకున్నట్టు జరగకపోతే ఇంటికి తిరిగొచ్చి నిలదొక్కుకునే దారి ఉంటుందా అన్నదే ఆ ప్రశ్న. ఈ నెల ఎంచుకున్న ఐదు ఉత్తరాలకూ దాన్ని ముందు పెట్టుకునే జవాబులు రాశాను.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. రెండెకరాల భూమిలో వరి, పసుపు పండిస్తాం. మా అమ్మాయి బైపీసీ చదివి, ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని రెండోసారి నీట్ రాసింది. అర్హత మార్కులు వచ్చాయి కానీ కన్వీనర్ కోటాలో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒక కన్సల్టెన్సీ వారు కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ అంతా కలిపి పాతిక లక్షల్లో పూర్తవుతుందనీ, జార్జియా అయితే ఇంకొంత ఎక్కువవుతుందనీ చెబుతున్నారు. వారం లోపల లక్ష రూపాయలు కట్టి సీటు ఖాయం చేసుకోమంటున్నారు. భూమి అమ్మి పంపాలా? పంపితే ఏ దేశానికి పంపాలి?
— ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: మొదట ఆ వారం రోజుల గడువును మనసులోంచి తీసేయండి. విదేశంలో వైద్యవిద్యలో చేరడానికి నీట్ అర్హత తప్పనిసరే అయినా, ఒకసారి వచ్చిన అర్హత ఫలితం వెలువడిన నాటి నుంచి మూడేళ్ల పాటు చెల్లుతుంది. ఈ వారం డబ్బు కట్టకపోతే మీ అమ్మాయి పోగొట్టుకునేది ఏమీ లేదు. తొందర ఎవరికి ఉందో మీరే గ్రహించగలరు.

ఇక ఏ దేశమని ఆలోచించే ముందు ఆ చదువును మన దేశం ఏ షరతుల మీద ఒప్పుకుంటుందో తెలుసుకోవాలి. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో విదేశీ వైద్య పట్టభద్రుల కోసం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు సాగాలి, బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో పూర్తి చేయాలి. చదువు మొత్తం ఒకే సంస్థలో జరగాలి తప్ప నడుమ మరో కాలేజీకి మారితే చెల్లదు. ఆ దేశపు పౌరులకు వైద్యం చేయడానికి ఇచ్చే లైసెన్సుకు మీ అమ్మాయి కూడా అక్కడ అర్హురాలు కావాలి. ఇవన్నీ అయ్యాక ఇక్కడికి వచ్చి అర్హత పరీక్ష గట్టెక్కి, మళ్లీ ఇక్కడ కనీసం 12 నెలల ఇంటర్న్‌షిప్ చేస్తేనే వైద్య మండలిలో శాశ్వత నమోదు దొరుకుతుంది. ఈ మొత్తం ప్రయాణానికి చేరిన నాటి నుంచి పదేళ్ల గడువు ఉంది.

పోయినేడాది జూన్‌లో ఇలాంటి ప్రశ్నతోనే ఒక తండ్రి పాలిథిన్ కవరులో కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రంగురంగుల బ్రోషర్ మీద "ఆరేళ్ల ఎంబీబీఎస్" అని పెద్ద అక్షరాలతో ఉంది. నాలుగో పేజీ అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే గాని కనిపించని అక్షరాల్లో, ఆరో ఏడు ఇంటర్న్‌షిప్‌ను విద్యార్థి స్వదేశంలో చేసుకోవచ్చని రాసి ఉంది. అది వెసులుబాటు అనుకుని ఆయన సంతోషించారు. నిబంధన ప్రకారం చూస్తే, ఆ ఒక్క వాక్యంతోనే ఆరేళ్ల చదువు ఇక్కడ చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ఆయన అప్పటికే కట్టిన డబ్బు తాలూకు రసీదు చూస్తే అందులో విశ్వవిద్యాలయం పేరు ఎక్కడా లేదు, "సర్వీస్ చార్జీలు" అని మాత్రమే ఉంది. మీకు ఇచ్చే ప్రతి కాగితాన్నీ అలా చివరి గీత వరకూ చదవండి, లేదా మీ ఊరి స్కూలు మాస్టారి చేత చదివించుకోండి. ట్యూషన్ ఫీజు ఎవరి ఖాతాకు వెళుతోంది, అమ్మాయి చేరకపోతే ఎంత తిరిగి వస్తుంది అన్నవి రాతపూర్వకంగా ఉండాలి.

అర్హత పరీక్ష సంగతి కన్సల్టెన్సీలు ఎక్కువగా మాట్లాడవు. ఎఫ్‌ఎంజీఈ అని పిలిచే ఈ పరీక్షలో 300 మార్కులకు 150 రావాలి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఎన్నిసార్లయినా రాయవచ్చు. అయితే ఇటీవలి సంవత్సరాల విడతల్లో రాసినవారిలో మూడో వంతు మంది కూడా గట్టెక్కలేదు. వారు తెలివితక్కువ పిల్లలని నేను అనుకోను. పాఠం ఇంగ్లిష్‌లో చెప్పినా బిష్కెక్ ఆసుపత్రిలో మంచం మీద ఉన్న రోగి కిర్గిజ్‌లోనో రష్యన్‌లోనో మాట్లాడతాడు, టిబిలిసిలో అయితే జార్జియన్‌లో మాట్లాడతాడు. నొప్పి ఎక్కడ మొదలైందో, ఎన్ని రోజులుగా ఉందో రోగిని నేరుగా అడగలేని విద్యార్థికి క్లినికల్ సంవత్సరాలు పుస్తకాల్లోనే గడిచిపోతాయి. అందుకే పంపడానికే నిర్ణయించుకుంటే మీ అమ్మాయి మొదటి ఏడాది నుంచే అక్కడి భాషను పట్టుదలగా నేర్చుకోవాలి. మెస్‌లో తెలుగు భోజనం ఉందా అని అడిగేవారు చాలామంది కనిపిస్తారు గానీ, ఆ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో రోజూ ఎంతమంది రోగులు వస్తారు అని అడిగేవారు అరుదు. మీరు రెండో ప్రశ్న అడగండి. అక్కడ చదివి వచ్చి ఇప్పుడు ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న ఇద్దరితోనైనా మాట్లాడండి. ఇంకా చదువుతున్నవారి మాటతో సరిపెట్టుకోకండి, వారిలో కొందరికి కొత్తవారిని చేర్చినందుకు కమీషన్ ముడుతుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు వేల మంది మన వైద్య విద్యార్థులు సగం చదువుతో తిరిగి రావలసి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటిది జరిగినప్పుడు తట్టుకునే ఆసరా ఇంట్లో మిగలాలి. కాబట్టి భూమి విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఉన్న రెండెకరాలూ అమ్మి పంపవద్దు.

మరేం చేయాలి? 2025లో 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా పాతిక వేలకు అటూ ఇటుగా ఉన్నాయి. సీటు రాకపోవడం మీ అమ్మాయి వైఫల్యమని ఇంట్లో ఎవరూ అనకూడదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, రోగులకు సేవ చేయడం ఇష్టమా, జీవశాస్త్రం ఇష్టమా, లేక డాక్టరు అన్న పేరు ఇష్టమా అని నెమ్మదిగా అడగండి. రోగుల మధ్య పని చేయడమే ఇష్టమైతే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ ఉన్నాయి. నర్సింగ్ చదివి భాష నేర్చుకున్న మన పిల్లలను తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ దేశాలకు పంపుతోంది. ఇలా వెళ్లేవారు చేతిలో ఉద్యోగంతో వెళతారు, భూమి అమ్మవలసిన అవసరం రాదు. జీవశాస్త్రమే ఇష్టమైతే తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర విజ్ఞానశాస్త్ర విద్యా సంస్థ ఉంది, దానికి విడిగా ప్రవేశ పరీక్ష రాయాలి. మీ ఇంటికి అన్నిటికన్నా దగ్గరది వ్యవసాయ డిగ్రీ. రాజేంద్రనగర్‌లోని ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో చేర్చుకుంటాయి, రైతు కుటుంబాల పిల్లలకు అక్కడ ప్రత్యేక కోటా కూడా ఉంది. పసుపు చేలో పెరిగిన పిల్ల దుంపకుళ్లు తెగులు గురించి చదవడం చిన్న విషయమేమీ కాదు.

ప్రశ్న: నాకు ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీలో ఈఈఈ, ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చేలా ఉన్నాయి. నాన్న సీఎస్ఈ అంటున్నారు. నాకు ఫిజిక్స్ ఇష్టం. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలి?
— ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం "నాకు ఫిజిక్స్ ఇష్టం" అన్నది. ఈఈఈలో సర్క్యూట్లు, విద్యుత్ యంత్రాలు, కంట్రోల్ సిస్టమ్స్ అన్నీ ఆ ఇష్టం మీదే నడుస్తాయి. సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టులు మీ జిల్లా చుట్టుపక్కలే ఎన్ని వచ్చాయో మీకు తెలుసు. నా ఓటు ఈఈఈకే.

అయితే నాన్నగారి భయాన్ని తీసిపారేయకండి, ఆయన ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నారు. ఆయనతో కలిసి ఆ ప్రైవేటు కాలేజీకి ఒక పనిదినాన వెళ్లి సీఎస్ఈలో ఎన్ని సెక్షన్లు ఉన్నాయో అడగండి. విద్యార్థుల సంఖ్య మీద ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తివేశాక చాలా కాలేజీలు కంప్యూటర్ బ్రాంచీల్లో సీట్లు బాగా పెంచుకున్నాయి. సీట్లు పెరిగినంత వేగంగా మంచి అధ్యాపకులు దొరకరు. గోడ మీద న్యాక్ గ్రేడు చూసి తృప్తి పడవద్దు, అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది. బ్రాంచీల వారీగా గుర్తింపు ఇచ్చేది ఎన్‌బీఏ. మీరు చేరబోయే బ్రాంచికి అది ఉందో లేదో, గడువు ఎప్పటిదాకా ఉందో అడిగి చూసుకోండి. ప్లేస్‌మెంట్ల గురించి చెప్పేటప్పుడు అత్యధిక జీతం ఎంతో చెబుతారు. మీరు పోయినేడాది జీతాల వరుసలో సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో, ఎంతమందికి అసలు రాలేదో అడగండి.

ఈఈఈ చదువుతూనే అదనపు క్రెడిట్లు చేసి కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ పొందే వీలు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఈ సంగతి నాన్నగారికి చెబితే ఆయన సగం దిగులు తీరుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, ఎలాగూ తర్వాత ఎంఎస్‌కు పంపుతారు కదా, ఇప్పుడే డిగ్రీకి పంపేయండి అంటున్నాడు. బ్యాంకు అప్పు చేయాలి. మీ సలహా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ తమ్ముడుగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, అయినా అప్పు చేసి పంపే ఇంటికి ఇది నేను ఇచ్చే సలహా కాదు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉంటే, వారిలో డిగ్రీ స్థాయిలో చదువుతున్నవారు సుమారు 36 వేల మందే. మిగతావారిలో చాలామంది ఇక్కడ డిగ్రీ చదివి మాస్టర్స్‌కు వెళ్లినవారు. దీనికి లెక్క ఉంది. డిగ్రీకి నాలుగేళ్ల ఫీజు, నాలుగేళ్ల అద్దె కట్టాలి, మాస్టర్స్ రెండేళ్లలోపే ముగుస్తుంది. అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి కావలసిన హెచ్-1బీ వీసా లాటరీలో ఏటా ఉండే 65 వేలకు తోడు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు విడిగా ఉన్నాయి. తెలంగాణలోని అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి గానీ, కేంద్రం ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే జాతీయ విదేశీ ఉపకారవేతనం గానీ పీజీ, పీహెచ్‌డీ చదువులకే వర్తిస్తాయి.

అప్పు లెక్క కూడా కాగితం మీద వేసి చూడండి. 30 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు 41 వేల రూపాయల పైచిలుకు కట్టాలి. చదువుకునే నాలుగేళ్లలో పెరిగే వడ్డీని ఇందులో కలపలేదు. అక్కడ ఉద్యోగం దొరికితే ఈ మొత్తం పెద్దది కాదు. ఇక్కడికి తిరిగొచ్చి మొదటి ఉద్యోగంలో చేరితే మాత్రం జీతమంతా దానికే పోతుంది. నాలుగేళ్లలో నిబంధనలు ఎలా మారతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లలో నిద్రలు పోయాయో మీ చుట్టుపక్కల అడిగితే తెలుస్తుంది. అబ్బాయిని ఇక్కడ మంచి డిగ్రీలో చేర్పించండి, ఆ నాలుగేళ్లలో అతనికి నిజంగా వెళ్లాలని ఉందో లేదో కూడా తేలుతుంది.

ప్రశ్న: ఎంపీసీలో 94 శాతం వచ్చింది. జర్మనీలో ఇంజనీరింగ్ ఉచితమని విన్నాను. ఇంటర్ అవగానే నేరుగా వెళ్లవచ్చా?
— ఒక విద్యార్థి, తాడేపల్లిగూడెం

జవాబు: ఉచితమన్న మాటలో నిజం ఉంది, దాని చుట్టూ చెప్పని సంగతులూ కొన్ని ఉన్నాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలా వరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. కానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024-25 నుంచి వసూలు మొదలుపెట్టింది. ఫీజు లేని చోటయినా జీవన ఖర్చులకు ఏడాదికి 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయలు దాటిన మొత్తం, ముందుగా బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపాలి. అందులోంచి నెలకు 992 యూరోల చొప్పునే తీసుకోనిస్తారు. వీసాకు ముందు మీ సర్టిఫికెట్లను ఏపీఎస్ సంస్థ చేత పరిశీలింపజేసుకోవాలి.

అసలు చిక్కు మరొకటి. మన ఇంటర్మీడియట్‌ను వారు తమ పాఠశాల చదువుకు సరిసమానంగా లెక్కించరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఉత్తీర్ణులైతే సాంకేతిక, విజ్ఞాన కోర్సులకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. లేదా ఇక్కడ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది విజయవంతంగా చదివి అదే రంగంలో దరఖాస్తు చేయవచ్చు. రెండూ లేకపోతే అక్కడ స్టూడియన్‌కొల్లెగ్ అనే సన్నాహక కోర్సు చేసి పరీక్ష రాయాలి. ఏ దారిలో వెళ్లినా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్ డిగ్రీ చాలా వరకు జర్మన్ భాషలోనే ఉంటుంది. థర్మోడైనమిక్స్ క్లాసులో కూర్చుని అర్థం చేసుకునేంత భాష ఆరు నెలల్లో రాదు.

నేనైతే మీకు చెప్పే క్రమం ఇది. ఈ ఏడాది ఇక్కడే ఇంజనీరింగ్‌లో చేరండి. మీ ఊళ్లోనే ఎన్ఐటీ ఉంది, జేఈఈ మెయిన్ ర్యాంకు అందితే అంతకన్నా కావలసింది లేదు. మొదటి సెమిస్టరు నుంచే జర్మన్ నేర్చుకోండి, హైదరాబాదులో గోథె సెంట్రమ్ ఉంది. ఏడాది తర్వాత మార్కులు, భాష రెండూ బాగుంటే అప్పుడే వెళ్లవచ్చు. లేదా డిగ్రీ ముగించి మాస్టర్స్‌కు వెళ్లవచ్చు, ఆ స్థాయిలో ఇంగ్లిష్‌లో నడిచే కోర్సులు చాలా ఉన్నాయి. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి వారు 18 నెలల సమయం ఇస్తారు. ఆ 18 నెలల్లో ఉద్యోగం వచ్చేదీ రానిదీ చాలా వరకు మీ జర్మన్ మీదే ఆధారపడుతుంది.

ఒక ప్రైవేటు జర్మన్ కాలేజీ ఇంగ్లిష్‌లో చెబుతుందనీ, ఇవేవీ అక్కరలేదనీ ఎవరైనా అంటే, అక్కడి ఫీజు ఎంతో అడగండి. ఉచితమన్న మాట అక్కడితో ముగుస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి అందరూ వద్దన్నా హెచ్‌ఈసీ తీసుకుని 91 శాతం తెచ్చుకుంది. చరిత్ర చదువుతానంటోంది. బంధువులు నవ్వుతున్నారు. నాకేం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అందరూ వద్దన్నా తీసుకున్న గ్రూపులో 91 శాతం తెచ్చుకున్న పిల్ల గురించి దిగులు పడవలసింది ఏమీ లేదు. ఆమెను చరిత్రే చదవనివ్వండి, మంచి చోట చదవనివ్వండి. 1974లో స్థాపించిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. సీయూఈటీ పరీక్ష ద్వారా చేర్చుకుంటారు, ఫీజు తక్కువ. ఈ ఏడాది ఆ పరీక్ష రాయకపోయి ఉంటే డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా నిజాం కాలేజీకి గానీ, కోఠిలోని చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయానికి గానీ ఆప్షన్ పెట్టండి. న్యాయశాస్త్రం వైపు మనసు ఉంటే క్లాట్ ప్రవేశ పరీక్ష రాసి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి ప్రయత్నించవచ్చు. పురావస్తు శాఖ, మ్యూజియంలు, పత్రికలు, అధ్యాపక వృత్తి, సివిల్ సర్వీసులు, ఇవన్నీ ఈ చదువు నుంచి వెళ్లగలిగిన దారులే. వీటిలో చాలావాటికి పోటీ గట్టిగా ఉంటుందనీ, డిగ్రీ ఒక్కటే చాలదనీ ఆమెకు ముందే చెప్పండి.

నేలకొండపల్లి బౌద్ధ స్తూపం మీకు గంట దూరం కూడా ఉండదు. సెలవుల్లో ఒకరోజు ఆమెతో కలిసి వెళ్లి, అక్కడ తనకు తెలిసింది మీకు చెప్పమని అడగండి, మీరు వినండి. బంధువులకు ఏం చెప్పాలో ఆ సాయంత్రానికి మీకే తెలుస్తుంది. వచ్చే నెల ఈ శీర్షికకు ఉత్తరం మాత్రం ఆమె చేత రాయించండి, ఏ కాలపు చరిత్ర అంటే ఇష్టమో, ఎందుకు ఇష్టమో తెలిస్తే నేను ఇంకొంచెం వివరంగా రాయగలను.